దిద్దుబాటునకు లోబడు కలము

ఒకడు తాను వ్రాసినదానిని మరియొకని చేతికిచ్చి "చదివి చెప్పుడు" అని అడుగుట లోకమందు సామాన్యమైన సంగతి. ప్రసంగము వ్రాసికొనిన బోధకుడును, కీర్తన కూర్చిన కవియు, ఆదివారపు బడి పిల్లలకు పాఠము సిద్ధపరచిన ఉపాధ్యాయుడును ఈ మాట అనుచునే యుందురు. అయితే ఈ చిన్న మాటలో రెండు వేర్వేరు కోరికలు దాగియుండవచ్చును. మెప్పును కోరి అడుగువాడొకడు, సత్యమును కోరి అడుగువాడొకడు. పైకి ఇద్దరి మాటయు ఒక్కటే. చదివినవాడు నోరు తెరచి ఒక లోపమును చూపిన తరువాతనే, అడిగినవాడు ఏ కోరికతో అడిగెనో తేటపడును.

ఇది వ్రాతపనివారికి మాత్రమే చెందిన మెళకువగా కనబడవచ్చును గాని, దీని అడుగున నీతి సంబంధమైన ప్రశ్నలు కలవు. వ్రాత ఎవని సొత్తు? దానిని దిద్దు అధికారము ఇతరునికి ఎక్కడనుండి వచ్చును? దిద్దుబాటును అంగీకరించుట వినయమా, లేక స్వంత తీర్పు లేని బలహీనతయా? ఎప్పుడు లోబడవలెను, ఎప్పుడు నిలువవలెను? పరిశుద్ధ గ్రంథమును ఆయా భాషలలోనికి తెచ్చినవారి చరిత్ర ఈ ప్రశ్నలను పరిశీలించుటకు తగిన స్థలము. ఏలయనగా ఆ పనిలో ఒక్క మాట తప్పినను, ఆ నష్టము వ్రాసినవానికంటె విని నమ్మినవానికే ఎక్కువగా కలుగును.

తన తప్పు తనకేల కనబడదు?

వ్రాసినవాడు తన వ్రాతను తిరిగి చదువునప్పుడు తరచుగా కాగితము మీద నున్నదానిని చదువడు. తన మనస్సులో నున్నదానినే చదువును. విడిచిన మాటను అతని జ్ఞాపకము పూరించును. మసకగా నున్న వాక్యమును అతని ఉద్దేశము వెలిగించును. కావున తన తప్పు తనకు కనబడకపోవుట అన్నివేళల గర్వమువలన కలుగునది కాదు. విషయమును బాగుగ ఎరిగియుండుటయే ఒక విధమైన అంధత్వమును కలిగించును. దాచబడిన తన పొరపాటులను కనుగొనగలవాడెవడని పందొమ్మిదవ కీర్తనలో కీర్తనకారుడు అడిగిన ప్రశ్న జీవితమునకు వర్తించినట్లే వ్రాతకును వర్తించును.

1631లో లండనులో అచ్చయిన ఒక ఇంగ్లీషు బైబిలులో ఏడవ ఆజ్ఞనుండి నిషేధార్థకమైన ఒక చిన్న మాట జారిపోయెను. వ్యభిచారమును నిషేధింపవలసిన ఆజ్ఞ దానిని విధించు ఆజ్ఞగా అచ్చుపడెను. రాజు కోపించగా ముద్రాపకులకు మూడు వందల పౌనుల జరిమానా విధింపబడెను. ఆ ఆజ్ఞ తెలియనివారు ఆ ముద్రణాలయములో ఎవరును ఉండియుండరు. తెలిసిన కంటికే లేని మాట ఉన్నట్లు తోచుట సులభము. తెలుగులో ఈ అపాయము మరింత సూక్ష్మమైనది. 'తగును' అనుటకును 'తగదు' అనుటకును మధ్య నున్నది ఒక్క అక్షరమే.

అచ్చుతప్పులకంటె లోతైన తప్పులును కలవు. హెబ్రీ గ్రీకు భాషలయందు లేని ఒక భేదము తెలుగులో నున్నది: 'మేము', 'మనము'. మార్కు సువార్త నాలుగవ అధ్యాయములో తుపానుచేత భయపడిన శిష్యులు ప్రభువును లేపి, తాము నశించుచున్నట్లు మొరపెట్టిరి. అక్కడ 'మేము' అని వ్రాసినయెడల నశించువారు శిష్యులు మాత్రమే. 'మనము' అని వ్రాసినయెడల ప్రభువును కూడ మునిగిపోవువారిలో చేర్చినట్లగును. మూల భాషలో ఈ రెండింటికి ఒక్కటే రూపము గనుక, గ్రీకు పాఠముమీద దృష్టి నిలిపిన పండితుడు ఇక్కడ ఒక నిర్ణయము చేయవలసియున్నదనియే గమనింపకపోవచ్చును. తెలుగు తప్ప వేరు భాష ఎరుగని శ్రోత దానిని తక్షణమే గమనించును. అటులనే పేతురు అంద్రెయలలో అన్న యెవడు, తమ్ముడెవడు అను ప్రశ్న గ్రీకు భాషకు అక్కరలేదు. తెలుగు ఇంటివాడు మొదట అడుగునది అదియే. తెలియనిదానిని కల్పింపకుండ 'సహోదరుడు' అను మాటను వాడుటలో ఎంత వివేకమున్నదో ఆ ప్రశ్న విన్నవానికే బోధపడును.

కాబట్టి ఇతరుని చదువు మొట్టమొదట రచయిత వినయమునకు పరీక్ష కాదు. అది అతని అవసరము. తనకు లేని కన్నును అతడు అరువు తీసికొనుచున్నాడు.

విట్టెన్‌బర్గు బల్ల చుట్టు

మార్టిన్ లూథరు వార్ట్‌బర్గు కోటలో దాగియుండిన కాలమున క్రొత్త నిబంధనను సుమారు పదునొకండు వారములలో జర్మను భాషలోనికి తర్జుమా చేసెను. ఆ వేగము ఆశ్చర్యకరమైనది. అయితే దాని తరువాత జరిగిన పని కూడ గమనింపదగినది. 1522 మార్చిలో విట్టెన్‌బర్గునకు తిరిగి వచ్చినప్పుడు, అతడు ఆ వ్రాతప్రతిని తిన్నగా అచ్చునకు పంపలేదు. గ్రీకు భాషయందు తనకంటె నేర్పరియైన మెలాంక్తనుతో కూర్చుండి దానిని మొదటినుండి పరిశీలించెను. రాజసభలో నుండిన స్పలాటీను అను స్నేహితునికి వ్రాసి, సామాన్యులు వాడు సరళమైన మాటలను పంపుమని కోరెను. ప్రకటన గ్రంథము ఇరువదియొకటవ అధ్యాయములోని రత్నముల పేర్లను గూర్చి విచారించి, వీలైన యెడల ఆ రత్నములను కన్నులార చూడగోరెను. ఆ సెప్టెంబరులో గ్రంథము వెలువడెను. డిసెంబరులో రెండవ ముద్రణ వచ్చునప్పటికే అనేక స్థలములు దిద్దబడియుండెను.

పాత నిబంధన పని ఇంకను కఠినమైనది. యోబు గ్రంథముతో పెనుగులాడిన దినములలో లూథరు, మెలాంక్తను, హెబ్రీ పండితుడైన ఔరొగల్లుసు ముగ్గురును కలిసి నాలుగు దినములలో మూడు పంక్తులను ముగించుటయే కష్టమైనదని 1530లో ప్రచురించిన ఒక లేఖలో లూథరే తెలిపెను. బలుల నియమములను తర్జుమా చేయునప్పుడు గొఱ్ఱె అవయవముల పేర్లు సరిగా తెలిసికొనుటకై ఒక కసాయివానిచేత గొఱ్ఱెలను కోయించి, ఒక్కొక్క భాగమును అతడేమందురో అడిగెనని అతని శిష్యుడైన మాథేసియుసు వ్రాసియున్నాడు.

1534లో సంపూర్ణ బైబిలు అచ్చయిన తరువాతను ఆ పని ఆగలేదు. లూథరు ఇంటనే పండితులు వారమున కొకసారి కూడుకొనుచుండిరి. మెలాంక్తను గ్రీకు పాఠముతోను, క్రూసిగరు హెబ్రీ కల్దీయ పాఠములతోను, బూగెన్‌హాగెను లాటిను బైబిలుతోను వచ్చుచుండిరి. రాబోవు భాగమును ప్రతివాడును ముందుగా చదివి సిద్ధపడి వచ్చెడివాడు. లూథరు ఒక వచనమును ఎత్తి, ఒక్కొక్కరి అభిప్రాయమును వరుసగా వినెడివాడు. రోరెరు అను దిద్దుబాటుగాడు చర్చను వ్రాసికొనుచుండెను. అప్పటికి లూథరు ఐరోపా అంతట పేరుపొందినవాడు; అతని తర్జుమా వేలకొలది ఇండ్లలో చదువబడుచుండెను. అట్టివాడు తన అచ్చయిన గ్రంథమును చిత్తుప్రతివలె మరల బల్లమీద పరచెను. వ్రాత తన కీర్తికొరకు గాక చదువువానికొరకు అని తలంచువానికి మాత్రమే ఇది సాధ్యము.

ఎవరి మాట దేనికొరకు వినవలెను?

ఇంగ్లండులో 1604లో హాంప్టన్ కోర్టు సమావేశము తరువాత ఆరంభమై 1611లో ముగిసిన తర్జుమాలో ఈ పద్ధతియే నియమముగా మారెను. సుమారు నలువది యేడుగురు పండితులు వెస్ట్‌మినిస్టరు, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి స్థలములలో ఆరు గుంపులుగా పనిచేసిరి. ఒక గుంపులోని ప్రతివాడును అదే అధ్యాయమును వేరుగా తర్జుమా చేసి, తరువాత అందరును కూడి పోల్చి చూడవలెను. ఒక గ్రంథము ముగిసినప్పుడు దానిని ఇతర గుంపులకు పంపవలెను. వారు ఒప్పుకొననిచో ఏ స్థలములో, ఏ కారణముచేత ఒప్పుకొనరో తెలియజేయవలెను. మిక్కిలి కఠినమైన స్థలమును గూర్చి దేశములోని ఏ పండితునికైనను వ్రాసి అడుగవచ్చును. తుదకు ఒకడు బిగ్గరగా చదువుచుండగా, తక్కినవారు వేర్వేరు భాషల బైబిళ్లను చేతబట్టి వినుచుండిరనియు, తప్పు తోచినవాడు మాటలాడెననియు, తోచనిచో చదువరి ముందుకు సాగెననియు జాన్ సెల్డను అను న్యాయవేత్త సంభాషణలలో నమోదైయున్నది.

ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, అభ్యంతరమునకు కారణము చెప్పవలెనను నియమము. 'ఇది బాగుగ లేదు' అనుట దిద్దుబాటు కాదు. ఏది, ఎందుచేత బాగుగ లేదో చెప్పినప్పుడే రచయిత దానిని తూచి చూడగలడు. రెండవది, చెవికి ఇచ్చిన స్థానము. పరిశుద్ధ గ్రంథము మన దేశమందును చదివినవారికంటె విన్నవారికే ఎక్కువగా అందినది. కంటికి నిలిచిన వాక్యము చెవికి తడబడవచ్చును.

నేటి బైబిలు తర్జుమాలలో మరియొక కట్టుబాటును కలదు. ముసాయిదాను ఆ భాష మాటలాడువారికి వినిపించి, 'నీకు అర్థమైనదా' అని అడుగరు. మర్యాదకొరకు అందరును అర్థమైనదనియే అందురు. 'ఈ కథలో ఎవడు ఎవనితో ఏమి చెప్పెను?' అని అడుగుదురు. అప్పుడు విన్నవాడు చెప్పిన జవాబే వ్రాతయొక్క గుణదోషములను బయలుపరచును. ఆ ముసాయిదాను ఎరుగనివానిచేత దానిని మరల వేరొక భాషలోనికి తిప్పించి, మూలముతో పోల్చి చూచుటయు కలదు.

అయినను చదువరి చెప్పినదంతయు ఒకే విలువగలది కాదు. ఎక్కడ తనకు కాలు జారినదో చెప్పుటలో చదువరి నమ్మదగిన సాక్షి. ఆ స్థలమును ఎట్లు బాగుచేయవలెనో చెప్పుటలో అతడు పొరబడవచ్చును. గ్రామస్థుడు ఒక వాక్యము దగ్గర నిలిచిపోయెనంటే అక్కడ ఏదో లోపమున్నది. అతడు సూచించిన మాట మూలార్థమునకు దూరమైనది కావచ్చును. సాక్ష్యమును గౌరవించి, తీర్పును జాగ్రత్తగా చేయుట రచయిత పని.

జెరోముయొక్క నొప్పి

దిద్దుట ఎంత అవసరమో, దిద్దు విధానము అంత ముఖ్యమైనది. జెరోము, అగస్టీనుల ఉత్తర ప్రత్యుత్తరములు దీనికి నిదర్శనము.

బేత్లెహేములో నుండి హెబ్రీ మూలమునుండి లాటిను తర్జుమా చేయుచుండిన జెరోమునకు, ఆఫ్రికాలో నుండిన యువకుడైన అగస్టీను ఒక లేఖ వ్రాసెను. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో పౌలు పేతురును ఎదిరించిన సంగతికి జెరోము చెప్పిన వ్యాఖ్యానమును అందులో ఆక్షేపించెను. లేఖను తీసికొనిపోవలసినవాడు ప్రయాణము చేయలేదు. లేఖ జెరోమునకు చేరకమునుపే దాని ప్రతులు ఇటలీలో ఇతరుల చేతులలో తిరిగెను. తన్ను గూర్చిన విమర్శ లోకమంతయు చదివిన తరువాత తనకు తెలియుట ఆ వృద్ధ పండితుని మిక్కిలి నొప్పించెను. ఆ విమర్శలో న్యాయమున్నదా లేదా అను ప్రశ్న కొన్నేండ్లపాటు వెనుకకు పోయెను. అవమానమొక్కటే ముందు నిలిచెను. అగస్టీను క్షమాపణ వేడుకొని, సౌమ్యముగా వ్రాసిన తరువాతనే స్నేహము కుదుటపడెను.

403లో అగస్టీను మరియొక సంగతి తెలిపెను. ఓయా పట్టణములో, అనగా నేటి ట్రిపోలీలో, ఒక అధ్యక్షుడు జెరోము నూతన తర్జుమానుండి యోనా గ్రంథమును చదివించెను. యోనాకు నీడనిచ్చిన చెట్టుకు తరతరములుగా విన్న పేరు మారియుండుటచేత సభలో అలజడి పుట్టెను. ఆ అధ్యక్షుడు తన సంఘమును పోగొట్టుకొనునంత పని ఆయెను. పాత తర్జుమాలో నున్నది సొరజాతి మొక్క; జెరోము వ్రాసినది ఒక తీగ పేరు. తన మాటకు కారణములను చెప్పుచు జెరోము మరుసటి సంవత్సరము ప్రత్యుత్తరమిచ్చెను. తెలుగు బైబిలులో అది సొరచెట్టుగానే నిలిచినది. నేటి పండితులనేకులు దానిని ఆముదపు మొక్క అని తలంచుచున్నారు. ఓయా విశ్వాసుల కలవరము నిజమైనదే. కాని వారు కోరిన పాత మాటయు, జెరోము ఇచ్చిన క్రొత్త మాటయు రెండును సరియైనవి కాకపోవచ్చును. ఇట్టి సందర్భమున తొందరపడి ఒక పక్షమును గెలిపించుటకంటె ప్రశ్నను తెరచియుంచుటే మేలు.

దిద్దువానికి లేఖనమిచ్చు మాదిరి అపొస్తలుల కార్యములు పదునెనిమిదవ అధ్యాయములో నున్నది. అపొల్లో విద్వాంసుడు, ధైర్యముగా బోధించువాడు. కాని అతడు బాప్తిస్మమును గూర్చి ఎరిగినది అసంపూర్ణము. అకుల ప్రిస్కిల్లలు సమాజమందిరములో లేచి అతనిని ఖండింపలేదు. అతనిని చేర్చుకొని మార్గమును మరింత పూర్తిగా వివరించిరి. డేరాలు కుట్టుకొని జీవించు దంపతులు విద్వాంసుని దిద్దిరి, విద్వాంసుడు వినెను. ఆ తరువాత అతని పరిచర్య తగ్గలేదు, వృద్ధిపొందెను.

మౌనముగా నుండు సహాయకుడు

తెలుగు బైబిలు చరిత్రలో ఈ ప్రశ్నకు మరియొక ముఖమున్నది. బెంజమిన్ షుల్జు పదునెనిమిదవ శతాబ్దములో క్రొత్త నిబంధనను, తరువాత పాత నిబంధనను తెలుగులోనికి తెచ్చెను గాని అవి అచ్చుపడలేదు. చదువరుల చేతికి రాని వ్రాతకు చదువరుల దిద్దుబాటును దొరకదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాను, దెగ్రాంజి అను మిషనరీలకు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు తర్జుమాలో తోడ్పడెను. ఆ ఇరువురు మిషనరీలును కొద్ది సంవత్సరములలోనే మరణించిరి. వారు సిద్ధపరచిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చాయెను.

ఆనందరాయరు పేరు నిలిచినది. అటువంటి సహాయకులనేకుల పేర్లు మరుగునపడినవి. పేరు మరుగునపడుట ఒక నష్టమైతే, మాట మరుగునపడుట అంతకంటె పెద్ద నష్టము. జీతముపై ఆధారపడిన పండితుడు దొరగారి వాక్యము తెలుగు కాదని చెప్పుట సులభమా? 'చిత్తము' అనిన ఒక్క మాటతో ఎన్ని వంకర వాక్యములు అచ్చునకు పోయియుండునో ఎవడు లెక్కింపగలడు?

దొరల కాలము గతించినది గాని ఈ మౌనము గతింపలేదు. సంఘములలో పెద్దల ప్రసంగములోని పొరపాటును చిన్నవారు ఎత్తి చూపుట అమర్యాదగా ఎంచబడుచున్నది. గురువు గ్రంథమునకు శిష్యుడు వ్రాయు అభిప్రాయము స్తోత్రమువలె ఉండుట వాడుక. తన క్రిందివారికి మాత్రమే తన వ్రాతను చూపి, వారి మెప్పును దిద్దుబాటుగా లెక్కించువాడు తన్ను తానే మోసపుచ్చుకొనుచున్నాడు. కాబట్టి అధికారము గలవానిపై ఒక అధిక బాధ్యత కలదు. అడిగితిని, ఎవరును తప్పు చెప్పలేదు అనుట చాలదు. తప్పు చెప్పినవానికి ఏ కీడును రాదని అతడు తన నడతవలన చూపవలెను. మోషే తన మామయైన యిత్రో మాట వినుటయు, ఆ సంగతి ధర్మశాస్త్ర గ్రంథములోనే నిలిచియుండుటయు ఈ విషయమున పెద్దలందరికిని పాఠము.

నిలువవలసిన చోటు

అట్లయిన యెడల రచయిత ప్రతి సలహాకును తల వంచవలెనా? అందరి మాటయు విన్నచో వ్రాత తన స్వరమును కోల్పోవునని కొందరు భయపడుదురు. ఆ భయము నిరాధారమైనది కాదు. లూథరే దీనికి సాక్షి. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము ఇరువది యెనిమిదవ వచనములో 'మాత్రమే' అను అర్థమిచ్చు మాటను చేర్చినందుకు అతనిని అనేకులు నిందించిరి. ఆ మాట గ్రీకులో లేదని తనకు తెలియుననియు, పౌలు భావమును, జర్మను పలుకుబడియు దానిని కోరుచున్నవనియు వాదించి, అతడు దానిని తీసివేయుటకు నిరాకరించెను. అతని వాదము సరియైనదా అను విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు; అతని పరుష వాక్కులను ఎవరును ఆదర్శముగా తీసికొననక్కరలేదు. కాని అతడు కారణము చెప్పి నిలిచెను. విట్టెన్‌బర్గు బల్ల దగ్గర వేయి మారులు లోబడినవాడు గనుక, ఒకచోట నిలుచుట మొండితనముగా త్రోసివేయదగినది కాదు. ఎన్నడును లోబడనివాడు నిలిచినప్పుడు అది దృఢత్వమో అహంకారమో అతనికే తెలియదు.

యిర్మీయా గ్రంథము ముప్పది యారవ అధ్యాయములో మరియొక విధమైన చదువరి కలడు. బారూకు వ్రాసిన గ్రంథపుచుట్టను చదువగా విని, యెహోయాకీము రాజు దానిని చాకుతో కోసి అగ్నిలో వేయుచుండెను. అదియు ఒక విధముగా రచనలో మార్పు చేయుటయే. కాని వాక్యము మరింత స్పష్టముగా వినబడవలెనని అతడు కోయలేదు, వినబడకూడదని కోసెను. యిర్మీయా దానికి లోబడలేదు. మరియొక చుట్ట తీసికొని, ఆ మాటలన్నియు మరల పలికి వ్రాయించెను. అటువంటి మాటలు ఇంకను అనేకము దానికి చేర్చబడెను.

ఈ రెండు దృష్టాంతములనుండి ఒక కొలత దొరకును. దిద్దుబాటు ఏ గురినుండి వచ్చినది? వ్రాత చెప్పదలచిన సత్యమును చదువరి దగ్గరకు చేర్చుటకా, లేక ఆ సత్యమును ఆపుటకా? మొదటిదైన యెడల, అది శత్రువు నోటినుండి వచ్చినను, పరుషముగా వచ్చినను, గ్రహింపదగినది. రెండవదైన యెడల, అది మిత్రుని నోట తియ్యగా వచ్చినను త్రోయదగినది. వ్రాత ఎవని సొత్తు అను మొదటి ప్రశ్నకును ఇందులోనే జవాబు కలదు. రచయిత తన వ్రాతకు యజమానుడు కాడు, గృహనిర్వాహకుడు. సత్యమునకును చదువరికిని అతడు ఋణపడియున్నాడు. నిర్వాహకుడు అందరిని అడిగి తెలిసికొనవచ్చును. లెక్క అప్పగింపవలసినవాడు మాత్రము తానే. 'వారు చెప్పిరి గనుక వ్రాసితిని' అను సాకు అతనికి లేదు.

కలము పట్టిన క్రైస్తవులు, అది సంఘ పత్రికలో ఒక పేజీయైనను, యవనస్థుల కూటమునకు ఒక చిన్న నాటకమైనను, అచ్చునకు పంపకమునుపు దానిని ఇద్దరికి చూపుట మంచి అలవాటు. ఒకడు విషయమును తమకంటె ఎక్కువగా ఎరిగినవాడై యుండవలెను. ఒకడు దానిని మొదటిసారి వినువాడై యుండవలెను. వారు మాటలాడునప్పుడు అడ్డుపడి వివరింపకుండ వినవలెను. ఏలయనగా అచ్చయిన కాగితము వెంట రచయిత ఇంటింటికి పోయి వివరింపలేడు. చదువుటకు పుచ్చుకొనినవారును దానిని తేలికగా ఎంచరాదు. మొగమాటముచేత 'చాల బాగున్నది' అని తిరిగి ఇచ్చుట ప్రేమ కాదు. మిత్రుడు చేయు గాయములను సామెతల గ్రంథము మెచ్చుకొనుటకు కారణమున్నది. ఆ గాయము ఏకాంతములో తగిలినయెడల, దోషముగల వాక్యము సభలో చదువబడి, ఎవడో ఒక బీద విశ్వాసి దానిని నమ్మి తప్పుత్రోవను పోవుట తప్పిపోవును.